పొర వేరు, రేకు వేరు

సందేహం: గ్రాఫీన్ వంటి పదార్థాలు బ్యాటరీలకూ, విద్యుదయస్కాంత తరంగాలను అడ్డుకునే కవచాలకూ ఎలా పనికివస్తాయో వ్యాసం రాస్తున్నాను. శీర్షిక ‘ద్విపరిమాణ పొరల నానోపదార్ధాలు’. ‘ద్విమితీయ’ అనాలని మిత్రుడి వాదన. ఏది సరి? పొర అన్నా రేకు అన్నా ఒకటే కదా? ‘విద్యుతయస్కాంత’ అని రాయవచ్చా?

సమాధానం: మిత్రుడి మాటే వినండి. శాస్త్రగ్రంథాల్లో పరిమాణానికి మీరనుకున్న అర్థమూ (డైమెన్షన్, అంటే పొడవు, వెడల్పు వంటి కొలత దిశ) ఉంది, కాదనను. కానీ వాడుకలో ఆ మాట వినగానే ఎంత పెద్దది, ఎంత చిన్నది అన్నదే తోస్తుంది. నానోపదార్థాల గురించి రాసేటప్పుడు ఆ అర్థంతోనూ అడుగడుగునా పని పడుతుంది. ‘నానో పరిమాణంలోని ద్విపరిమాణ పదార్థం’ అని రాసి చూడండి, రెండు సైజుల్లో దొరికే సరుకేమో అనిపిస్తుంది!

పొర, రేకు ఒకటి కావు. పొర దేన్నో కప్పి ఉంటుంది, లేదా మరో పొరను అంటిపెట్టుకుని ఉంటుంది. ఉల్లిపొర, కంటికి కమ్మిన పొర అలాంటివే. రేకు విడిగా చేతికి వచ్చేది: పూరేకు, తగరపు రేకు. గ్రాఫైట్‌లో సుమారు 0.335 నానోమీటర్ల ఎడంతో ఒకదానిపై ఒకటి ఉన్నవి కార్బన్ పొరలు. 2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్తలు గైమ్, నొవొసెలొవ్ జిగురు టేపుతో ఊడదీసి వేరుచేసినది రేకు, అదే గ్రాఫీన్. లిథియం అయాన్ బ్యాటరీని చార్జి చేసినప్పుడు అయాన్లు దూరేది గ్రాఫైట్ పొరల మధ్యకే, రేకుల మధ్యకు కాదు.

టైటానియం వంటి లోహం కార్బన్‌తోనో నైట్రోజన్‌తోనో కలిసిన ద్విమితీయ పదార్థాలే మాక్సీన్లు. వాటి దగ్గర ఈ తేడా పాటించకపోతే వాక్యం గందరగోళమవుతుంది. 2011లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో వాటిని మొదట తయారుచేసినప్పుడు, టైటానియం, అల్యూమినియం, కార్బన్ కలిసిన పదార్థాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో వేసి అల్యూమినియం పొరలను మాత్రం కరిగించి తీసేశారు. మిగిలిన పొరలను విడదీస్తే రేకులు. ఆ రేకులను మళ్లీ పేరిస్తే ఫిల్మ్. దీన్ని కూడా పొర అన్నారంటే పాఠకుడు మొదటికొస్తాడు. ఫిల్మ్ అనే ఉంచండి. 45 మైక్రోమీటర్ల మందమున్న అలాంటి ఫిల్మ్ విద్యుదయస్కాంత తరంగాలను 92 డెసిబెళ్ల మేర అడ్డుకున్నట్లు 2016లో వెల్లడైంది.

మీ శీర్షికలో ‘పదార్ధం’ తప్పు. పద, అర్థ కలిస్తే పదార్థం. ధ ఒత్తుతో రాస్తే అర్థం సగమైపోతుంది. ‘విద్యుతయస్కాంత’ కూడా కుదరదు. అచ్చు పరమైతే విద్యుత్‌లోని తకారం దకారమవుతుంది, జగదీశ్వరుడిలో లాగే. శకారం వస్తే విద్యుచ్ఛక్తి, లకారం వస్తే విద్యుల్లత. అన్నట్టు, తీగచుట్టతో చేసే అయస్కాంతాన్నీ విద్యుదయస్కాంతమనే అంటాం. కాబట్టి ‘విద్యుదయస్కాంత కవచం’ అని కుదించకుండా, ‘విద్యుదయస్కాంత తరంగాలను అడ్డుకునే కవచం’ అని మీ ప్రశ్నలో రాసినట్టే వ్యాసంలోనూ రాయండి.