కొత్త స్లిమ్ ఎల్‌ఈడీ టీవీలో మనుషులు మైనపు బొమ్మల్లా కనిపిస్తున్నారు, లోపం టీవీదేనా?

మీరు రాసింది చదువుతుంటే రెండేళ్ల కిందటి నన్ను నేను చూసుకున్నట్టుంది. 43 అంగుళాల 4కె టీవీ, వచ్చి వారం రోజులు. సినిమాల్లో ముఖాలు మైనం పూసినట్టున్నాయి, రాత్రి లైట్లు ఆర్పితే నలుపు బూడిద రంగుగా కనిపిస్తోంది, మాటలు స్పష్టంగా వినిపించడం లేదు, గోడకు బిగించాలో బల్లమీద ఉంచాలో తేలడం లేదు, వాపసు చేయాలా అని అడిగారు. తొందరపడకండి. మొదటిది సెట్టింగుల తప్పు. రెండోదీ మూడోదీ ఆ సన్నదనం తెచ్చిపెట్టినవి. పూర్తిగా పోవు కానీ బాగా తగ్గుతాయి.

నేనైతే మొదటి వారంలోనే కంపెనీకి ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నాను. వచ్చిన అబ్బాయి తన సంచిలోంచి ఒక్క పనిముట్టు కూడా బయటికి తీయలేదు. రిమోట్ అందుకుని నాలుగైదు చోట్ల నొక్కి, "ఇప్పుడు చూడండి" అన్నాడు. బొమ్మ కుదుటపడింది. నాకు మాత్రం తలెత్తబుద్ధి కాలేదు. ఆ తరవాత మెనూలన్నీ ఒక్కొక్కటిగా తిరగేస్తూ, మధ్యలో కొన్ని చెడగొట్టుకుంటూ నేర్చుకున్నవి ఇవి.

ముందు ముఖాల సంగతి. టీవీని మొదటిసారి ఆన్ చేసినప్పుడు, వాడేది ఇంట్లోనా దుకాణంలోనా అని అడుగుతుంది. హడావిడిలో దుకాణం అని నొక్కేస్తే వెలుతురు గరిష్ఠానికి, రంగులు గాఢంగా పెట్టేసుకుంటుంది. కొన్ని టీవీలైతే మీరు చేసిన మార్పులను కాసేపటికి చెరిపేసి మళ్లీ పాత స్థితికే వస్తాయి. పెద్ద పెద్ద దీపాల కింద, పక్కనున్న టీవీలతో పోటీపడి కంటికి ఆనడానికి చేసిన ఏర్పాటది. ఇంట్లో దానితో పనిలేదు. ఇల్లు అని మార్చాక కూడా బొమ్మ 'స్టాండర్డ్'లోనో 'వివిడ్'లోనో ఉంటుంది కాబట్టి 'సినిమా' లేదా 'మూవీ' మోడ్‌కు మార్చండి. కొత్త టీవీల్లో కొన్నింటికి 'ఫిల్మ్‌మేకర్ మోడ్' కూడా ఉంటుంది. 2019లో ప్రకటించిన పద్ధతి అది. టీవీ తన తెలివి జోడించకుండా, సినిమాను తీసినట్టుగానే చూపడం దాని ఉద్దేశం.

అయినా మైనం పోకపోతే అసలు దొంగలు మరో ఇద్దరున్నారు. ఒకటి 'నాయిస్ రిడక్షన్'. సిగ్నల్లోని గరుకుదనాన్ని తుడిచే పని దానిది, కానీ చర్మం మీది సహజమైన గరుకును కూడా తుడిచేస్తుంది. మంచి నాణ్యత ఉన్న వీడియోకు దాన్ని పూర్తిగా ఆపేయండి. రెండోది కదలికను నునుపు చేసే సదుపాయం. సినిమాను సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. మీ టీవీ లాంటి వాటి తెర సాధారణంగా సెకనుకు 60 సార్లు బొమ్మను మారుస్తుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర వస్తుంది, సమంగా పోదు. అందుకని ఒక ఫ్రేమును రెండుసార్లు, తరవాతి దాన్ని మూడుసార్లు చూపిస్తూ పోతుంది. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే దృశ్యాల్లో ఆ తడబాటు కంటికి తెలుస్తుంది. దాన్ని కప్పిపుచ్చడానికి టీవీ రెండు అసలు ఫ్రేముల మధ్య తానే ఊహించి కొన్నింటిని తయారుచేసి ఇరికిస్తుంది. దాంతో కదలిక నూనె రాసినట్టు జారిపోయి, సినిమా కాస్తా సెట్లో తీసిన సీరియల్‌లా తయారవుతుంది.

ఈ సదుపాయానికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. శాంసంగ్‌లో 'ఆటో మోషన్ ప్లస్' లేదా 'పిక్చర్ క్లారిటీ', ఎల్‌జీలో 'ట్రూమోషన్', సోనీలో 'మోషన్‌ఫ్లో'. పేరు ఏదైనా సినిమాలకు ఆపేయండి. ఆటలు చూసేటప్పుడు కొంచెం ఉంచుకుంటే బంతి చారలా సాగదు. మా తమ్ముడు దానికోసమే ఆన్ చేస్తాడు, ఆపడం మరిచిపోతాడు. మర్నాడు నేను సినిమా పెట్టిన పది సెకన్లకే నేరం బయటపడుతుంది.

'షార్ప్‌నెస్' పెంచితే బొమ్మ స్పష్టంగా ఉంటుందని నేనూ చాలాకాలం నమ్మాను. అది లేని వివరాన్ని తేలేదు, అంచుల చుట్టూ ఒక తెల్లటి గీత గీస్తుంది, అంతే. కొన్ని కంపెనీల్లో సున్నా దగ్గర, మరికొన్నింటిలో మధ్యలో తటస్థంగా ఉంటుంది కాబట్టి అంకె చెప్పి లాభం లేదు. సబ్‌టైటిల్ అక్షరాలను చూస్తూ, వాటి అంచున ఆ గీత మాయమయ్యేవరకు తగ్గించుకుంటూ రండి. రంగు ఉష్ణోగ్రతను 'వార్మ్'లో పెట్టండి. సినిమాలకు, టీవీ కార్యక్రమాలకు రంగులు దిద్దేటప్పుడు తెలుపుకు కొలమానంగా తీసుకునేది దాదాపు 6500 కెల్విన్. కంపెనీ నుంచి వచ్చే నీలిఛాయ తెలుపు అంతకంటే చల్లనిది. మార్చిన రోజు తెర పసుపు పట్టినట్టు కనిపిస్తుంది. మా అమ్మ "టీవీకి కామెర్లు వచ్చాయా" అంది. మూడు రోజులు ఓపిక పట్టండి, కన్ను అలవాటు పడుతుంది. తరవాత పాతదానికి వెళ్లి చూస్తే అదే నీలంగా కనిపిస్తుంది.

ఇక్కడొక చిక్కుంది. చాలా టీవీల్లో ఈ సెట్టింగులు ఒక్కో ఇన్‌పుట్‌కు విడివిడిగా నిలుస్తాయి. టీవీలోని యాప్‌లో అన్నీ సరిచేసి, సెట్‌టాప్ బాక్స్‌కు మారితే మళ్లీ పాత అవతారమే. 'అన్ని ఇన్‌పుట్‌లకు వర్తింపజేయి' అనే ఎంపిక ఉంటే వాడండి, లేకపోతే ఒక్కోచోట చేసుకోవాల్సిందే. వార్తల్లో కింద పరుగెత్తే అక్షరాలు సగం తెగిపోతున్నాయంటే అది ఓవర్‌స్కాన్. గాజు గొట్టపు టీవీల కాలంలో బొమ్మ అంచులు తిన్నగా ఉండేవి కావు, వాటిని దాచడానికి చుట్టూ కొంచెం కత్తిరించేవారు. ఆ అలవాటు ఇంకా వదల్లేదు. బొమ్మ పరిమాణంలో 'స్క్రీన్ ఫిట్' లేదా 'జస్ట్ స్కాన్' ఎంచుకోండి. నేను దీన్ని ప్యానెల్ (తెర పలక) లోపం అనుకుని నెల రోజులు తిట్టుకున్నాను.

ఇక నలుపు. పేరులో ఎల్‌ఈడీ ఉన్నా తెర మాత్రం ఎల్‌సీడీయే. ఎల్‌ఈడీలు దాని వెనక దీపాలు మాత్రమే. అవి చాలావరకు నీలి ఎల్‌ఈడీలు, పసుపు పూతతో తెల్లకాంతి ఇస్తాయి. నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే 2014లో అకసాకి, అమానో, నకమురాలకు భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. బాగా సన్నగా ఉండే టీవీల్లో ఆ దీపాలను తెర వెనకంతా పరచకుండా కింది అంచునో పక్కనో వరుసగా పెట్టి, ఒక పారదర్శక పలక ద్వారా కాంతిని తెరంతా పంచుతారు. టీవీ సన్నబడేది దానివల్లే, చిక్కు కూడా దానివల్లే. నల్లటి దృశ్యం వచ్చినా దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ఎల్‌సీడీ పొర కాంతిని అడ్డుకోవాలి, నూటికి నూరు శాతం అడ్డుకోలేదు. తప్పించుకున్న కాంతే మీరు చూస్తున్న బూడిద రంగు. ఓఎల్‌ఈడీ తెరల్లో ఒక్కో పిక్సెల్ తానే వెలిగి తానే ఆరుతుంది కాబట్టి అక్కడ ఈ గొడవ లేదు.

ప్యానెల్ రకాన్నిబట్టి కూడా తేడా ఉంటుంది. ఐపీఎస్ రకంలో తెలుపుకీ నలుపుకీ నిష్పత్తి దాదాపు 1000:1, వీఏ రకంలో 3000:1 లేదా అంతకంటే ఎక్కువ. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది కానీ పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ దానికి తలకిందులు: ఏ మూల కూర్చున్నా రంగులు నిలకడగా ఉంటాయి, చీకట్లో నలుపు మాత్రం పలచన. ఇంటిల్లిపాదీ గదిలో తలోచోట కూర్చుని చూస్తే ఐపీఎస్ తప్పేమీ కాదు.

రాత్రి వేళ చేయాల్సింది 'బ్యాక్‌లైట్' తగ్గించడం. 'బ్రైట్‌నెస్' జోలికి పోవద్దు. చాలా టీవీల్లో అది నలుపు స్థాయిని మార్చే మీట, తగ్గిస్తే చీకటి దృశ్యాల్లో వివరాలు మింగేస్తుంది. కొత్త టీవీల్లో కొన్ని పేర్లు మార్చాయి, ఏది కదిపితే తెర మొత్తం వెలుతురు మారుతుందో అదే బ్యాక్‌లైట్ అనుకోండి. టీవీ వెనక గోడమీద పడేలా చిన్న తెల్ల దీపం పెట్టండి. తెరలో ఏమీ మారదు, కానీ కన్ను మోసపోయి నలుపును మరింత నలుపుగా చూస్తుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. నేను చేసిన మార్పుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

పగటిపూట కూడా నలుపు పాలిపోయి ఉంటే మరో కారణం వెతకాలి. వీడియోలో నలుపుకు 16, తెలుపుకు 235 అనే కొలత వాడతారు. కంప్యూటర్లు 0 నుంచి 255 వాడతాయి. బాక్సు మొదటి లెక్కలో పంపుతుంటే టీవీ రెండో లెక్కలో చదివిందనుకోండి, 16 అనేది దానికి నలుపు కాదు, ముదురు బూడిద. హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్, లేదా ఆర్‌జీబీ రేంజ్ అన్న చోట 'ఆటో'లో పెట్టండి. అప్పటికీ తీరకపోతే బాక్సులోనూ టీవీలోనూ 'లిమిటెడ్' (అంటే 16 నుంచి 235 లెక్క) ఎంచుకోండి.

వాపసు చేయాలా వద్దా అన్నది తేల్చడానికి గడువులోపే ఒక పరీక్ష చేయండి. గది చీకటి చేసి, పూర్తి నల్లటి బొమ్మను, తరవాత బూడిద రంగు బొమ్మను పెన్ డ్రైవ్‌లో వేసుకుని చూడండి. నలుపులో తెరంతా ఒకేలా పలచగా ఉంటే అది ఈ రకం టీవీల స్వభావం. ఒక మూలలో టార్చిలైటు వేసినట్టు వెలుగు ఉన్నా, బూడిదలో పెద్ద మచ్చలు, నిలువు చారలు ఉన్నా మార్చమని అడగండి. కంటితో చూసే నిర్ణయించుకోండి. ఫోను కెమెరా చీకట్లో ఆ వెలుగును ఉన్నదానికంటే ఎన్నోరెట్లు చేసి చూపిస్తుంది.

మాటల విషయానికి వస్తే, అంత సన్నటి ఒంట్లో పెద్ద స్పీకరుకు చోటెక్కడిది? ఉన్న చిన్నవి కూడా కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. శబ్దం బల్లకో గోడకో తగిలి మన దగ్గరికి వస్తుంది. సౌండ్ మెనూలో 'క్లియర్ వాయిస్' లాంటిది ఉంటే పెట్టండి, 'సరౌండ్' ఆపండి. మాటలు కొంత పైకి వస్తాయి. నాన్నగారికి అదీ చాలలేదు, చివరికి సౌండ్‌బార్ తెచ్చాం. దాన్ని హెచ్‌డీఎంఐతో కలిపితే, పక్కన ఆర్క్ (ARC) అనో ఈఆర్క్ (eARC) అనో రాసి ఉన్న, టీవీ శబ్దాన్ని బయటికి పంపే రంధ్రంలోనే పెట్టాలి; సాధారణంగా ఒక్కదానికే ఆ వీలుంటుంది. వేరేదాంట్లో పెట్టి నేను రెండు రోజులు సౌండ్‌బార్‌ను నిందించాను. ఆప్టికల్ కేబులైతే రెండు కొసలకూ ఉండే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు తీయాలి. అది ఎలా తెలిసిందో అడగకండి.

గోడా, బల్లా? గోడ గట్టిదైతే గోడే నా ఓటు, కానీ కొన్ని చూసుకోవాలి. టీవీ వెనక నాలుగు మర రంధ్రాల మధ్య దూరాన్ని వెసా కొలత అంటారు, 200×200 మి.మీ. అన్నట్టు మాన్యువల్‌లో ఉంటుంది. బ్రాకెట్ దానికి సరిపోవాలి. బిగించే స్క్రూల మందం కంటే పొడవు ముఖ్యం. సన్నటి టీవీలో పొడుగు మర వేసి బలవంతంగా తిప్పితే లోపలి బోర్డునో ప్యానెల్‌నో పొడుస్తుంది. నా బ్రాకెట్‌తో వచ్చినవి సగంలో ఆగాయి. అదృష్టం బాగుండి అక్కడే ఆపాను, మాన్యువల్ చూసి పొట్టివి వేశాను. మరీ బిగించినా ఫ్రేము వంకరపోయి మూలల్లో వెలుగు కారుతుంది. గోడకు అతుక్కునే బ్రాకెట్ చూడటానికి బాగుంటుంది కానీ, హెచ్‌డీఎంఐ రంధ్రాలు వెనక్కి తిరిగి ఉంటే కేబులు పట్టదు. పక్కకు తిరిగి ఉన్నాయో లేదో చూశాకే కొనండి.

ఎత్తు విషయంలో చాలామంది పొరబడతారు, ఫోటో ఫ్రేములా పైన కడతారు. కూర్చున్నప్పుడు కంటి ఎత్తుకు తెర మధ్యభాగం రావాలి. సోఫాలో కూర్చునేవారికి అది నేలనుంచి సుమారు 100 సెం.మీ. దూరానికి లెక్క: 43 అంగుళాలంటే మూలనుంచి మూలకు 109 సెం.మీ. 4కెలోని వివరం కనబడాలంటే దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 1.6 మీటర్లు. మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే 4కెకూ ఫుల్ హెచ్‌డీకీ తేడా పెద్దగా తెలియదు. బల్లమీద పెట్టేట్టయితే ముందు కాళ్ల మధ్య దూరం కొలవండి, చాలా టీవీలకు అవి రెండు చివర్లలో ఉంటాయి. ఎత్తేటప్పుడు ఇద్దరు పట్టుకోండి, నిలువుగానే ఉంచండి, తెర మీద వేళ్లు నొక్కకండి.

మిగిలినవి చిన్నవి. బయటి ప్లేయర్ నుంచి 4కె హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే వీడియో) రాకపోతే ఆ హెచ్‌డీఎంఐ రంధ్రానికి 'ఎన్‌హాన్స్‌డ్' ఫార్మాట్ ఆన్ చేయాలి; చాలా టీవీల్లో అది ఆపి ఉంటుంది. పెన్ డ్రైవ్‌లో 4 జీబీ దాటిన సినిమా ఎక్కకపోతే అది ఫ్యాట్32 (డ్రైవ్‌లో ఫైళ్లు దాచే ఒక పద్ధతి) పరిమితి, ఎక్స్‌ఫ్యాట్‌కు గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు గానీ మార్చండి. వైఫై రూటరు అదే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కు కలపండి. ప్రైవసీ మెనూలో, మీరు ఏం చూస్తున్నారో గుర్తించి పంపే సదుపాయం ఉంటుంది, నేను ఆపేశాను. తెర తుడవడానికి పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు, గాజు తుడిచే ద్రవాలు వద్దు.

ఈ రాత్రికి మోడ్ మార్చి, నాయిస్ రిడక్షన్, మోషన్ రెండూ ఆపి, మీకు బాగా తెలిసిన సినిమా ఒకటి పెట్టి చూడండి. ఆ పేర్లు మీ మెనూలో కనబడకపోతే మోడల్ నంబరు రాయండి, ఎక్కడ దాచారో వెతికి చెబుతాను.