పెళ్లి కార్డుకి చేతిరాత ఫాంట్ వాడొచ్చా?

హైదరాబాద్ ఛత్తాబజార్‌లో కార్డు వేయిస్తున్నామని, మొత్తం చేతిరాత ఫాంట్‌లోనే పెట్టించాలా అని అడిగారు. పేర్లకి, పైన ఒక వాక్యానికి పెట్టించండి. ముహూర్తం, వేదిక, ఫోన్ నంబర్లు మాత్రం మామూలు అచ్చక్షరాల్లోనే ఉండాలి.

ఎందుకంటే మన లిపిలో అక్షరం కింద వత్తు, పైన గుడి వస్తాయి. చేతిరాత ఫాంట్‌లో ఇవి వంపులు తిరిగి ఉంటాయి కాబట్టి వరుసలు దగ్గరగా ఉంటే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. సైజు తగ్గిస్తే 'స్త్రీ', 'లక్ష్మి' లాంటివి చదవలేం. ఇంట్లో పెద్దవాళ్లు కళ్లజోడు పెట్టుకుని కూడా తడుముకుంటారు. అందుకే వరుసల మధ్య ఖాళీ బాగా పెంచమనండి.

ఉచితంగా కావాలంటే సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ విడుదల చేసిన 'లక్కిరెడ్డి' ఫాంట్ గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. చేతిరాతను అనుకరిస్తూ శీర్షికలు, పోస్టర్లు, ఆహ్వాన పత్రికల కోసం చేసిందే. కార్డులకీ, షాపు బోర్డులకీ నాకు ఇష్టమైనది ఇదే. బాపు గారి రాతను అనుసరించిన ఫాంట్లు కూడా ఉన్నాయి, కానీ అవి కనబడగానే ఆయన బొమ్మలే గుర్తొస్తాయి. మీ కార్డుకి ఆ ఛాయ కావాలో వద్దో ముందే అనుకోండి.

ఇంకో మాట. నిజంగా చేత్తో రాస్తే ఒకే 'మ' రెండుసార్లు ఒకేలా రాదు, ఫాంట్‌లో వస్తుంది. పక్కపక్కనే అదే అక్షరం ఉంటే డిజైనర్‌తో ఒకదాని తోక కొంచెం మార్పించండి. చాలా అందం వస్తుంది.

ప్రెస్‌లో 'అను' అనే పాతరకం ఫాంట్లు వాడుతుంటే మీరు వాట్సాప్‌లో పంపిన మాటలు నేరుగా అతకవు, ఎందుకంటే ఫోన్లలో వాడేది యూనికోడ్ అనే వేరే పద్ధతి. ప్రూఫ్ కాగితం మీద తీయించుకుని, వత్తులన్నీ ఒక్కొక్కటిగా చూసుకోండి.