స్టార్ సరే, పిచ్చింగ్ మాటేంటి?

ప్రశ్న: అన్నగారూ, డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో వచ్చి నాలుగు నెలలైంది. లంచ్‌లో మా టీమ్ అంతా బేస్‌బాలే మాట్లాడతారు. ఇక్కడి టీమ్ టెక్సస్ రేంజర్స్ వందల మిలియన్లు పోసి ఇంకో పెద్ద స్టార్‌ని తెచ్చుకోవాలా వద్దా అని ఒకటే వాదన. నేను నవ్వుతూ కూర్చుంటున్నాను. ఏం మాట్లాడమంటారు? అన్నట్టు, కొత్త కారు కొందామనుకుంటున్నాను.

జవాబు: నవ్వుతూ కూర్చోవడమే మేలు తమ్ముడూ. నోరు తెరిచి పరువు పోగొట్టుకున్నవాణ్ణి నేను. 2000లో ఇర్వింగ్‌లో దిగిన కొత్తలో ఆఫీసువాళ్ళు ఆర్లింగ్టన్ స్టేడియానికి తీసుకెళ్ళారు. బంతి గాల్లోకి లేచి మా వెనక వరసల్లో పడింది. నేను లేచి నిలబడి "సిక్స్!" అని అరిచాను. అది ఫౌల్ బాల్, అంటే గీత బయటికి పోయిన బంతి, రన్ను రాదు. ఏడాదిపాటు ఆఫీసులో నా పేరు సిక్సే.

ఆ డిసెంబరులోనే రేంజర్స్ స్టార్ బ్యాటర్ అలెక్స్ రోడ్రిగెజ్‌ని పదేళ్ళకి 252 మిలియన్ డాలర్లిచ్చి తీసుకున్నారు. 1998లో టామ్ హిక్స్ టీమ్ మొత్తాన్ని కొన్నదే 250 మిలియన్లకి. ఇంటికంటే గుమ్మం ఖరీదు ఎక్కువన్నమాట! ఆఫీసంతా పండగ. ఆ ఊపు నాకూ అంటుకుంది. అతనికి పదేళ్ళ కాంట్రాక్టు, నాకు మూడేళ్ళ హెచ్-1బి, ఇద్దరం సెటిలైనట్టే అనుకుని కొత్త కారు కొనేశాను. క్రెడిట్ హిస్టరీ లేదు కదా, వడ్డీ 17 శాతం వేశారు. నెలకి 480 డాలర్లు లోనుకి, 210 ఇన్సూరెన్సుకి. అపార్ట్‌మెంట్‌లో నలుగురం, కారు నాదొక్కటే. శని ఆదివారాలు అందరికీ నేనే డ్రైవర్ని. గ్యాస్ డబ్బులు అడగడానికి మొహమాటం.

2001 వేసవిలో ప్రాజెక్టు పోయింది. ఐదు నెలలు బెంచ్. కన్సల్టెన్సీవాడు పైసా ఇవ్వలేదు. బెంచ్ మీదున్నా జీతం ఇవ్వాలన్న రూలుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రూల్స్ ఇప్పుడన్నీ ఆన్‌లైన్‌లో ఉంటాయి, నువ్వే చూసుకో. నేను మాత్రం ఆ ఐదు నెలలూ ఆవకాయ, మజ్జిగలతో గడిపి, కారుకి కిస్తీలు కట్టాను. ఇంటికి ఫోన్ చేయాలంటే కాలింగ్ కార్డులో ఎన్ని నిమిషాలున్నాయో లెక్క చూసుకునేవాణ్ణి. అమ్మకి మాత్రం కొత్త కారు ఫొటో పంపాను.

రోడ్రిగెజ్ తప్పేం లేదు. 2001లో 52 హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి), 2002లో 57, 2003లో ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు. అయినా ఆ మూడేళ్ళూ రేంజర్స్ తమ డివిజన్‌లో (గ్రూపులో) అట్టడుగునే ఉన్నారు. ఒక్కడు ఎంత కొట్టినా, పిచ్చర్లు, అంటే మన బౌలర్లలా బంతి విసిరేవాళ్ళు, అంతకంటే ఎక్కువ రన్లు ఇచ్చేస్తుంటే ఏం లాభం? 2004 ఫిబ్రవరిలో అతన్ని న్యూయార్క్ టీమ్ యాంకీస్‌కి ఇచ్చేశారు. పైగా కాంట్రాక్టులో మిగిలిన 179 మిలియన్లలో 67 మిలియన్లు తామే కడతామని ఒప్పుకుని! నా కారు కథా అంతే. అమ్మినా లోను తీరక, 3,100 డాలర్లు ఎదురు కట్టాను.

అలాగని స్టార్లని కొనకూడదని కాదు. 2021లో ఇదే టీమ్ 102 ఆటలు ఓడింది. ఆ డిసెంబరుకల్లా కోరీ సీగర్‌ని పదేళ్ళకి 325 మిలియన్లకీ, మార్కస్ సెమియన్‌ని ఏడేళ్ళకి 175 మిలియన్లకీ తెచ్చారు. ఏడాది తర్వాత పిచ్చర్లనీ కొన్నారు. అందులో 185 మిలియన్ల జేకబ్ డిగ్రామ్ 2023లో ఆరు ఆటలాడి మోచేతి ఆపరేషన్‌కి వెళ్ళిపోయాడు. అయినా ఆ ఏడాదే బేస్‌బాల్ ఫైనల్ వరల్డ్ సిరీస్ గెలిచారు, సీగర్ సిరీస్ ఎంవీపీ. ఒక్కడి మీదే భారమంతా పెట్టలేదు కాబట్టి ఒకడు పడ్డా టీమ్ నిలబడింది. డిగ్రామ్ జీతం మాత్రం ఆగలేదు, అది గ్యారంటీ. మన ఉద్యోగాల్లో ఆ మాట వినిపించదు.

ఐపీఎల్‌లా టీముకి ఇంతే పర్సు అన్న గీత ఇక్కడ లేదు. జీతాల మొత్తం ఒక హద్దు దాటితే టీముకి లగ్జరీ ట్యాక్స్ పడుతుంది, 2025లో ఆ హద్దు 241 మిలియన్లు. లాస్ ఏంజెలెస్ టీమ్ డాడ్జర్స్ జపాన్ స్టార్ ఒహ్తానీకి ఒప్పుకున్న 700 మిలియన్లలో 680 మిలియన్లు 2034 నుంచి 2043 దాకా చెల్లిస్తారు, అదీ వడ్డీ లేకుండా! అలాంటి అప్పు నీకూ నాకూ ఎవడిస్తాడు?

రేపు లంచ్‌లో వాదన మొదలైతే ఒక్క మాటను: "స్టార్ సరే, పిచ్చింగ్ మాటేంటి?" నాలుగు నెలల క్రితం వచ్చినవాడివని ఎవరూ అనుకోరు. ఇప్పుడు నాకు ప్లేనోలో ఇల్లుంది, మార్ట్‌గేజ్ తీరిపోయింది. అయినా స్టేడియానికెళ్తే పై అంతస్తు టికెట్టే కొంటాను. మా అబ్బాయికి నామోషీ, నాకు కాదు.

ఇక నీ కారు సంగతి. క్రెడిట్ స్కోరెంత, వడ్డీ ఎంత చెప్పారు, డౌన్ పేమెంట్ ఎంత కడుతున్నావు, ఇవేవీ రాయలేదు. రాసి పంపు. అప్పటిదాకా సంతకం పెట్టకు.