రికోటా నీళ్లు

అనంతపురం

తల్లీ,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటో చూశాను. లజానియా (పాస్తా అనే పిండి పొరలు, సాస్, చీజ్ ఒకదానిపై ఒకటి పేర్చి ఓవెన్‌లో కాల్చేది) పైన చక్కగా ఎర్రబడింది గానీ, గరిటె దించిన చోట చిన్న చెరువు తేలింది. వానచుక్క కోసం ఆకాశం కేసి చూసే జిల్లాలో కూర్చుని, నీళ్లు ఎక్కువయ్యాయని ఉత్తరం రాస్తుంటే నాకే నవ్వు వస్తోంది. నువ్వేమీ చిన్నబుచ్చుకోకు. బెంగళూరు హోటల్లో చేరిన కొత్తలో, విందు కోసం నేను చేసిన మొదటి ట్రే కూడా ఇలాగే పాయసమైంది. పెద్ద వంటమనిషి పల్లెత్తు మాట అనలేదు. ట్రేను వంచి, ఆ నీళ్లను గ్లాసులోకి పట్టి నా చేతికిచ్చాడు. గ్లాసు ముప్పాతిక నిండింది.

ఆ నీళ్లు పొరల మధ్య వేసే రికోటా అనే మెత్తటి చీజ్‌వి. చీజ్ చేయగా మిగిలిన నీళ్లను మళ్లీ కాచి తీసేది కాబట్టి ఇటలీ వాళ్లు దానికి 'మళ్లీ వండినది' అని పేరు పెట్టారు. మన పనీర్ లాగే అది వేడికి కరగదు. పైగా వేడి తగిలేకొద్దీ పలుకులు బిగుసుకుని లోపలి తేమను బయటకు నెడతాయి. కరిగి తీగలా సాగేది మోజరెల్లా. ఒకదాని పని ఇంకొకదానితో చేయించబోతే రెండూ చెడతాయి. (వీటిని జున్ను అంటే నేను ఒప్పుకోను. గేదె ఈనినప్పుడు తొలిపాలతో మీ అవ్వ వండేదే జున్ను.)

కడపలో రికోటా దొరకలేదని బెంగపడకు, దాని బదులు పాలతో ఇంట్లోనే చేసుకోవచ్చు. లీటరు చిక్కటి పాలు పొంగు రాబోతుండగా మంట ఆపి, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం కొద్దికొద్దిగా పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచు. పల్చటి నూలుగుడ్డలో వడగట్టి వేలాడదియ్యి. పనీర్‌కు పెట్టినట్టు బరువు పెట్టకు, రాయిలా అయిపోతుంది. చుక్కలు ఆగాక ఒక చెంచాడు తీసి స్టీలు పళ్లెంలో పెట్టి ఐదు నిమిషాలు చూడు. చుట్టూ తడి వలయం కడితే మళ్లీ మూట కట్టు. కొన్న రికోటాకైనా ఇదే పరీక్ష. అరకిలోకు ఒక గుడ్డు కొట్టి కలిపితే కోసినప్పుడు పొర జారదు. పాలకూర వేస్తే ఉడికించి, చల్లారాక రెండు చేతులతో గట్టిగా పిండు. సగం చెరువు అక్కడే ఉంటుంది.

నీళ్లు అసలు వద్దని కాదు. అవి సాస్‌లో ఉండాలి, చీజ్‌లో కాదు. పాస్తాను ప్యాకెట్టు మీద రాసిన దానికన్నా రెండు మూడు నిమిషాలు ముందే దించుతావు కదా, ఓవెన్‌లో అది తాగేది సాస్‌నే. అందుకే సాస్ కాస్త జారుగా ఉన్నా ఫరవాలేదు. మీ నాన్న 'ఇందులో కారం ఏదమ్మా' అంటాడు, నాకు తెలుసు. ఒక చెంచా ఎర్రకారం ఆ టమాటా సాస్‌లోనే వేసి మగ్గించు, రికోటా జోలికి మాత్రం పోకు.

మోజరెల్లా ముద్ద కొని నువ్వే తురుముకో. తురిమి అమ్మేదానికి అంటుకోకుండా పిండి పూస్తారు, సరిగా కరగదు. క్రీమ్ చీజ్ వాడితే అరగంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి, పాస్తా ఉడికిన నీళ్లు రెండు చెంచాలు పోసి గిలక్కొట్టు. ఉప్పు చివర్లో చూసి వేయి, చీజుల్లో ఎలాగూ ఉంటుంది.

ఓవెన్‌ను ముందే 180 డిగ్రీలకు వేడెక్కనియ్యి. ఇరవై నిమిషాలు అల్యూమినియం రేకు కప్పి, పది నిమిషాలు అది తీసేసి కాల్చు. రేకు చీజ్‌కు తగలనివ్వకు, పైపొరంతా దానికే అంటుకుని వస్తుంది.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. ట్రే బయటికి తీశాక పావుగంట దాని మీద చెయ్యి వేయకు, మీ తమ్ముడినీ వేయనివ్వకు. గ్లాసు ఒకటి పక్కన పెట్టి ఉంచు, నేనే కోసి ట్రే వంచి చూస్తాను.

మీ పెదనాన్న