డేటా గ్రిడ్‌లో స్క్రోల్ చేస్తే టిక్ మార్క్ వేరే వరుసకు ఎందుకు పోతుంది?

డేటా గ్రిడ్ అంటే ప్రోగ్రామ్ స్క్రీన్‌పై డేటాను వరుసలుగా చూపే పట్టిక. అందులో లక్ష వరుసలు ఉన్నా, చాలా గ్రిడ్‌లు నిజంగా తయారు చేసేది స్క్రీన్‌లో పట్టే పాతికో ముప్పయ్యో వరుసలే. మీరు కిందికి జరిపేకొద్దీ పైన కనుమరుగైన వరుసనే తెచ్చి, కొత్త డేటా నింపి, అడుగున పెడతాయి. మూడో వరుసలో పెట్టిన టిక్ ఆ చెక్‌బాక్స్‌కే అంటుకుని ఉంటుంది కాబట్టి, అదే వరుస ముప్పై మూడోదిగా తిరిగొచ్చినప్పుడు టిక్ కూడా వెంటే వస్తుంది. ఇలా వరుసలను తిరిగి వాడటాన్ని గ్రిడ్ లోపం అనుకోకండి, వేగం దానివల్లే వస్తోంది. టిక్‌ను ఆ వరుస వివరాలు ఉండే డేటా ఆబ్జెక్ట్‌లో ఒక ప్రాపర్టీగా (విలువగా) ఉంచి, చెక్‌బాక్స్‌ను దానికి బైండ్ చేయండి, అంటే ఆ విలువను బట్టే టిక్ కనిపించేలా ముడిపెట్టండి.

అన్నట్టు, విండోస్ ప్రోగ్రామ్‌ల స్క్రీన్‌లు తయారు చేసే మైక్రోసాఫ్ట్ సాధనం డబ్ల్యూపీఎఫ్‌లో అయితే గ్రిడ్‌ను స్టాక్‌ప్యానెల్‌లో (భాగాలను ఒకదాని కింద ఒకటి పేర్చే అరలో) మాత్రం పెట్టొద్దు. ఎత్తుకు హద్దు లేక లక్ష వరుసలూ ఒకేసారి తయారై స్క్రీన్ బిగుసుకుపోతుంది.