హెల్మెట్ మీద మసి కడిగెయ్యి, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫైర్ సర్వీసుకి సెలెక్ట్ అయ్యావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు కాసేపు నోట మాట రాలేదు. ఒక పక్క సంతోషం, ఇంకో పక్క భయం. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ యూనిఫామ్ వేసుకున్నవాణ్ణి కాబట్టి రెండూ ఎందుకో నాకు తెలుసు.

ట్రైనింగులో నీకు చాలా నేర్పిస్తారు. అది నేను మళ్ళీ చెప్పను. ట్రైనింగ్ అయిపోయి స్టేషన్‌కి వెళ్ళాక అసలు చదువు మొదలవుతుంది. అక్కడ పాఠాల కన్నా పెద్దవాళ్ళ అలవాట్లే ఎక్కువ నేర్పుతాయి. వాటిలో ప్రాణం నిలబెట్టేవి ఉన్నాయి, తీసేవీ ఉన్నాయి. రెండింటినీ "ఇక్కడి సంప్రదాయం" అనే అంటారు. ఏది ఏదో నువ్వే తేల్చుకోవాలి. అందుకే ఈ ఉత్తరం.

ముందు మసి సంగతి. నేను చేరిన కొత్తలో నల్లగా మాడిన హెల్మెట్ ఉన్నవాడే మొనగాడు. హెల్మెట్ మెరుస్తుంటే "ఇంకా మంట చూడలేదు" అనేవాళ్ళు. నేనూ ఏళ్ళ తరబడి నా హెల్మెట్ కడగలేదు. మసి పట్టిన కోటుతోనే బండి క్యాబిన్‌లో కూర్చున్నాను. ఆ బట్టలు ఇంటికి తెచ్చి పిల్లల బట్టలతో కలిపి ఉతికించాను. మీ పెద్దమ్మ ఒక్క మాట అనకుండా ఉతికింది. ఇప్పుడు తలుచుకుంటే కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఎందుకంటే, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మన వృత్తినే క్యాన్సర్ తెచ్చే వాటిలో మొదటి గ్రూపులో చేర్చింది. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న గ్రూపు అది. మూత్రాశయ క్యాన్సర్‌కీ, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి వచ్చే మెసోథెలియోమాకీ ఆధారాలు సరిపడా ఉన్నాయని చెప్పింది. ఈ విషం ముక్కు నుంచే పోతుందనుకోకు. చర్మం గుండా కూడా ఇంకుతుంది. మెడ, దవడ కింద, గజ్జల దగ్గర చర్మం పల్చన కాబట్టి అక్కడ ఇంకా తొందరగా. ఒళ్ళు వేడెక్కి చెమట పడితే మరీను. మంట దగ్గర మన పరిస్థితి ఎప్పుడూ అదే కదా.

కాబట్టి మంట ఆరగానే మాస్క్ లాగి పడేసి గాలి పీల్చుకోవాలనిపిస్తుంది చూడు, అప్పుడు ఆగు. బూడిద కెలికి నిప్పు మిగిలిందేమో చూసే పనిలో మంట కనబడదు, పొగ కూడా పల్చబడుతుంది, కానీ గాలిలో విషం ఉంటుంది. మా రోజుల్లో ఆ పని ఉత్త మొహాలతో చేసేవాళ్ళం. నువ్వు మాస్క్ తియ్యకు. బయటికి వచ్చాక కూడా మాస్క్ ఉంచుకునే, ఎవరి చేతనైనా సబ్బు నీళ్ళతో పైనుంచి కిందకి కోటు తోమించుకుని కడిగించుకో. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఇలా అక్కడికక్కడే సబ్బు నీళ్ళతో కడిగితే సూటు మీది మసి రసాయనాలు సగటున 85 శాతం పోయాయి. పొడి బ్రష్‌తో దులిపితే పోయింది పావు వంతు కూడా లేదు. తర్వాత మెడ, మొహం, చేతులు తడి గుడ్డతో తుడుచుకుని, సూటు సంచిలో కట్టి క్యాబిన్ బయట పెట్టు. స్టేషన్‌కి చేరిన గంటలోపు తల స్నానం చెయ్యి. హుడ్ మాత్రం ప్రతి మంటకీ మార్చు. అది మెడకి అంటుకుని ఉండే గుడ్డ, మసి మొత్తం దాంట్లోనే ఉంటుంది.

నిన్ను చూసి ఎవరైనా నవ్వితే నవ్వనీ. నాతో పనిచేసిన ఇద్దరు క్యాన్సర్‌తో పోయారు. వాళ్ళకి ఎందుకొచ్చిందో నేను తేల్చి చెప్పలేను. కానీ వాళ్ళ హెల్మెట్లు రెండూ నల్లగానే ఉండేవి.

సూటు సైజు గురించి నువ్వు మొహమాటపడతావని నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ అంతే. ఇందులో మొహమాటం వద్దు. చాలాచోట్ల సూట్లు, గ్లౌజులు మగవాళ్ళ కొలతలతోనే వస్తాయి. ఫైర్ సూటుకి మూడు పొరలుంటాయి: పైన మంటకి తట్టుకునే గుడ్డ, మధ్యలో నీళ్ళు లోపలికి రానివ్వని పొర, లోపల సెగ ఆపే మెత్తటి పొర. ఈ పొరల మధ్య చిక్కుకున్న గాలే నిన్ను ఎక్కువగా కాపాడేది. సూటు బిగుతైతే ఆ గాలి ఉండదు. మరీ వదులైతే మేకుకో తలుపు గడియకో తగులుకుంటుంది. పొడుగు గ్లౌజు వేళ్ళతో వాల్వు తిప్పలేక, చీకట్లో గ్లౌజు తీసేసి చెయ్యి కాల్చుకున్నవాళ్ళని చూశాను. నీ సైజు ఇవ్వమని రాతపూర్వకంగా అడుగు. ఇవ్వకపోతే మళ్ళీ అడుగు.

ఇంకో మాట. సెగ తగులుతోందని ఒంటి మీద నీళ్ళు పోయించుకోకు. సూటు లోపల తడి ఉంటే అది ఆవిరై చర్మాన్ని ఉడికిస్తుంది. వీపున మోసే గాలి సిలిండర్, మాస్క్ కలిసిన బీఏ సెట్ బెల్టు ఒత్తే భుజాల దగ్గర, పాకేటప్పుడు మోకాళ్ళ దగ్గర పొరలు నలిగి సెగ ముందు అక్కడే దూరుతుంది. అక్కడ చురుక్కుమంటే లోపల ఎంత వేడిగా ఉందో నీ ఒళ్ళు నీకు చెబుతోందని అర్థం. వెనక్కి రా. సూటు లోపల నైలాన్, పాలిస్టర్ బట్టలు వద్దు, కరిగి ఒంటికి అంటుకుంటాయి.

ఇక బీఏ సెట్. నేను నీకు ఒక్కటే చెప్పే వీలుంటే ఇదే చెప్పేవాణ్ణి.

6.8 లీటర్ల సిలిండర్‌ని 300 బార్ ఒత్తిడికి నింపితే లెక్కకి రెండు వేల లీటర్ల గాలి. కాగితం మీద అది నలభై, యాభై నిమిషాలు వస్తుంది. మెట్లెక్కుతూ, హోస్ (నీళ్ళ గొట్టం) లాగుతూ, గుండె దడదడలాడుతుంటే నిమిషానికి అరవై లీటర్లు ఈజీగా పీలుస్తావు. దాదాపు 55 బార్ దగ్గర గాలి అయిపోవస్తోందని సెట్ విజిల్ మోగుతుంది. అప్పటికి మిగిలింది 370 లీటర్లు, అంటే ఆరు నిమిషాలు. విజిల్ మోగాక వెనక్కి తిరగడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. విజిల్ మోగేసరికి నువ్వు బయట ఉండాలి. సిలిండర్‌ని మూడు వంతులు అనుకో: ఒక వంతు లోపలికి వెళ్ళడానికి, ఒక వంతు బయటికి రావడానికి, మూడో వంతు ఎవరికీ చెందని గాలి. దాన్ని ముట్టుకోకూడదు.

ఇది నాకు పుస్తకం చెప్పలేదు. నాకు ఆరేళ్ళ సర్వీసున్నప్పుడు ఒక గోడౌన్ నేలమాళిగలో మంట. విజిల్ మోగింది. ముందున్న సీనియర్ "ఇంకో రెండు నిమిషాలు" అన్నాడు. ఆయన్ని దాటి మాట్లాడే అలవాటు మా స్టేషన్‌లో లేదు. వెనక్కి తిరిగేసరికి పొగలో దారి తప్పాం. హోస్ తడుముతూ పాకాం, రెండు గొట్టాలు కలిపే కప్లింగ్ చేతికి తగిలింది, కానీ బయట బండి మీదున్న పంపు ఎటువైపో ఒక్క క్షణం గుర్తు రాలేదు. ఆ ఒక్క క్షణం ఇప్పటికీ కలలోకి వస్తుంది. గేటు దగ్గరికి వచ్చేసరికి మాస్క్ మొహానికి అతుక్కుపోయింది, లోపల గాలి లేదు. ఇద్దరం బతికాం. ఆయన ఆ తర్వాత నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు వచ్చి, "గాలి విషయంలో నా మాట కూడా వినకు" అన్నాడు. ఆయన నాకు ఇచ్చిన ఆర్డర్లన్నిట్లో గొప్పది అదే, నీకు అప్పగిస్తున్నాను.

కప్లింగ్‌లో పంపు వైపు ఏది, మంట వైపు ఏది అన్నది కళ్ళకి గంతలు కట్టుకుని, గ్లౌజులు వేసుకుని తడిమి నేర్చుకో. వంద సార్లు. డ్యూటీలోకి వచ్చిన ప్రతి పూటా సిలిండర్ ప్రెజర్ చూడు. మాస్క్ పెట్టుకుని గాలి దారి మూసి లోపలికి పీల్చు. మాస్క్ మొహానికి అతుక్కుని అలాగే ఉండాలి. ఒక్క వెంట్రుక అంచు కింద చిక్కుకున్నా గాలి కారుతుంది, నీ జుట్టు కాస్త గట్టిగా ముడెయ్యి. కదలకుండా ఉంటే కూత పెట్టే అలారం పనిచేస్తోందో లేదో కూడా అప్పుడే చూడు. నిన్న దిగిన షిఫ్ట్‌వాళ్ళు చూశారు కదా అని వదిలెయ్యకు. ఇది నిజంగా నిలబెట్టుకోవాల్సిన సంప్రదాయం.

కొత్తవాళ్ళ చేత బండి కడిగిస్తారు, సామాన్లన్నీ దింపించి ఎక్కిస్తారు. విసుక్కోకు. ఏ వస్తువు ఏ అరలో ఉందో చీకట్లో చెయ్యి పెట్టి తియ్యడం అలాగే వస్తుంది. కానీ కొత్తవాళ్ళని ఏడిపించడం, అవమానించడం వేరే సంగతి. దాన్ని పడాల్సిన పని లేదు, నీ పై అధికారికి చెప్పు.

సంప్రదాయాలు ఎలా పుడతాయో చూస్తే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. 1878లో చికాగోలో డేవిడ్ కెన్యన్ అనే కెప్టెన్ మెట్లు దిగే ఆలస్యం లేకుండా స్తంభం పట్టుకుని జారే పద్ధతి పెట్టాడు. కొన్ని సెకన్లు కలిసొచ్చాయి, లోకమంతా పాకింది. తర్వాత కాళ్ళు విరగడం చూసి చాలా స్టేషన్లు తీసేశాయి. పాతకాలం ఫైర్‌మన్లు గుబురు గడ్డాలు పెంచి, తడిపి, పళ్ళతో పట్టుకుని పొగలో ఊపిరి పీల్చేవాళ్ళని చెప్పుకుంటారు. ఇవాళ గడ్డం ఉంటే మాస్క్ సీల్ కాదు, కాబట్టి గీసుకోవాల్సిందే. పెద్దవాళ్ళ పద్ధతి మార్చడం వాళ్ళని అవమానించడమేమీ కాదు. వాళ్ళూ తమ ముందువాళ్ళ పద్ధతులు మార్చినవాళ్ళే.

నువ్వు ఊహించనిది ఇంకొకటి ఉంది. చాలా దేశాల్లో మనవాళ్ళకి వచ్చే కాల్స్‌లో మంటల కన్నా మనుషుల ప్రాణాలకి సంబంధించినవే ఎక్కువ. గుండె ఆగినవాళ్ళు, యాక్సిడెంట్లు, ఊపిరాడనివాళ్ళు. "అది అంబులెన్స్‌వాళ్ళ పని" అనే సీనియర్ నీకు తప్పకుండా కనబడతాడు. ముందు చేరినవాళ్ళదే ఆ పని. మనిషి స్పందన లేకుండా పడి, ఆగి ఆగి గురకలా తీస్తుంటే అది ఊపిరి కాదు, గుండె ఆగిందని లెక్క. ఛాతీ మధ్యలో 5 సెంటీమీటర్లకి తగ్గకుండా, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కు. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వు. రెండు నిమిషాలకి మనిషి మారాలి. నీకు అలుపు తెలియకముందే నీ నొక్కు లోతు తగ్గిపోతుంది, అందుకే ఆ లెక్క.

పొగలోంచి తెచ్చిన మనిషి వేలికి పెట్టిన ఆక్సిజన్ కొలిచే మిషన్ 99 శాతం చూపించినా నమ్మకు. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్నా ఆ మిషన్ దాన్ని ఆక్సిజన్‌గానే లెక్కేస్తుంది. మాస్క్‌తో పూర్తి ఆక్సిజన్ పెట్టు. మామూలు గాలిలో ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, పూర్తి ఆక్సిజన్‌తో గంటా గంటన్నర. ముక్కులో మసి, గొంతు బొంగురు, కాలిన ముక్కు వెంట్రుకలు కనబడితే మాట్లాడుతున్నాడు కదా అని కూర్చోబెట్టకు. గొంతు వాచి మూసుకుపోతుంది, వెంటనే ఆసుపత్రికి పంపించు. కాలిన గాయం మీద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళ ధార పెట్టు, ఐసు వద్దు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తియ్యి. అంటుకున్న బట్ట లాగకు. మసి గ్లౌజులతో మనిషిని ముట్టుకోకు, మెడికల్ గ్లౌజులు జేబులో ఉంచుకో.

నీ గుండె గురించి కూడా. డ్యూటీలో మనవాళ్ళు పోయేది ఎక్కువగా మంటల్లోనే అనుకుంటారు. అమెరికాలో ఏళ్ళ తరబడి లెక్కలు చూస్తే, డ్యూటీలో పోయినవాళ్ళలో దాదాపు సగం మంది గుండె ఆగి పోయినవాళ్ళే. ఛాతీలో పట్టేసినట్టుంటే గ్యాస్ అని సర్దుకోకు. ఒక సిలిండర్ అయిపోయాక కూర్చో, కోటు విప్పు, నీళ్ళు తాగు.

రోజూ మనిషి చావు చూస్తే ఏడవకూడదనేది మా కాలపు రూలు. నేను పాటించాను. ఒక పసిపిల్ల విషయంలో పాటించి, నాలుగేళ్ళు రాత్రిళ్ళు నిద్ర లేకుండా గడిపాను. మీ పెద్దమ్మకి కూడా చెప్పలేదు. నువ్వు ఆ రూలు పాటించకు. కాల్ అయ్యాక బ్యాచ్‌తో కూర్చుని జరిగింది చెప్పుకోండి. చాలకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళు.

గంట సంప్రదాయాన్ని మాత్రం మనసారా పాటించు. టెలిగ్రాఫ్ రోజుల్లో స్టేషన్లకి కబుర్లన్నీ గంటలతోనే వెళ్ళేవి. ఒకరు డ్యూటీలో పోతే న్యూయార్క్‌లో ఐదేసి గంటలు నాలుగుసార్లు కొట్టి తెలియజేసేవాళ్ళు, ఆ లెక్కనే ఇప్పటికీ గౌరవంగా నిలుపుకున్నారు. మే 4న అంతర్జాతీయ అగ్నిమాపక సిబ్బంది దినం వస్తుంది. 1998 డిసెంబరు 2న ఆస్ట్రేలియాలోని లింటన్ దగ్గర గాలి ఒక్కసారిగా దిశ మారి ఐదుగురు కార్చిచ్చులో చిక్కుకుని పోయారు. వాళ్ళ తర్వాతే ఈ రోజు మొదలైంది. ఆ రోజు పెట్టుకునే రిబ్బన్‌లో ఎరుపు నిప్పుకి, నీలం నీటికి. నువ్వు రిబ్బన్ పెట్టుకున్నప్పుడు గాలి దిశ గురించి ఒక ప్రశ్న ట్రైనర్‌ని అడుగు.

నా పాత హుడ్‌లు, గ్లౌజులు నీకోసం దాచానని మీ నాన్నతో అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, అవి పారేస్తాను. కప్లింగ్ ప్రాక్టీసుకి నా దగ్గరున్న రెండు హోస్ ముక్కలు మాత్రం పంపిస్తున్నాను. గంతలకి గుడ్డ నువ్వే చూసుకో. మొదటి డ్యూటీ రోజు మాస్క్ చూసుకున్నాక నాకు ఒక్క మెసేజ్ పెట్టు, ఎంత పొద్దున్నైనా మెలకువగానే ఉంటాను.

మీ పెదనాన్న