రీమ్యాప్ చేయించిన టర్బో కారుకి ప్లగ్గులు

చిరంజీవి మేనల్లుడికి దీవెనలు.

రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) అయింది, డౌన్‌పైపూ (టర్బో నుంచి పొగ పోయే గొట్టం) ఇంటర్‌కూలరూ (టర్బో పంపే గాలిని చల్లార్చేది) మారాయి, ఇక స్పార్క్ ప్లగ్గులు ఇరీడియమా ప్లాటినమా అని అడిగావు. అది తర్వాత చూద్దువుగాని. ముందు హీట్ రేంజ్, అంటే ప్లగ్ తన వేడిని ఎంత త్వరగా వదులుతుందన్నది. దాని వెనకే గ్యాప్, అంటే స్పార్క్ దూకే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య సందు.

ప్లగ్ మొన దాదాపు 450 డిగ్రీలు దాటితేనే దానిమీది మసి కాలిపోతుంది. 800 దాటి ఇంకా పైకి పోతే స్పార్క్ పడకముందే మొనే పెట్రోల్‌ని అంటిస్తుంది, పిస్టన్ కరిగేది అప్పుడే. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెంచావు కాబట్టి వేడిని ఇంజన్ హెడ్‌లోకి త్వరగా లాగేసే కోల్డ్ ప్లగ్ అవసరం పడొచ్చు. పవర్ 75 నుంచి 100 హార్స్‌పవర్ పెరిగితే ఒక మెట్టు కోల్డ్ అని ప్లగ్గుల కంపెనీ ఎన్‌జీకే లెక్క. నీకు పెరిగింది 30, 40 అయితే, ట్యూన్ చేసినవాడు వేరే చెప్తే తప్ప, కారు కంపెనీ ఇచ్చిన మెట్టే ఉంచు. రెండు మెట్లు దిగమనే వాళ్ల మాట వినకు. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో పాకే కారుకి అంత కోల్డ్ ప్లగ్ వేస్తే మసి పట్టి మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగా అంటుకోకపోవడం) మొదలవుతుంది.

నంబర్ల దగ్గర జాగ్రత్త. ఎన్‌జీకేలో 6 కంటే 7 కోల్డ్, డెన్సోలో 20 కంటే 22 కోల్డ్. బాష్‌లో తలకిందులు, నంబర్ తగ్గితేనే కోల్డ్. థ్రెడ్ పొడవు కూడా కలవాలి: పొడవెక్కువైతే పిస్టన్‌కి తగులుతుంది.

అసలు గొడవంతా గ్యాప్‌తోనే. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ మాత్రం తిరుగుతున్నప్పుడు) బాగానే ఉండి, మూడో గేర్‌లో ఫుల్ యాక్సిలరేటర్ తొక్కగానే బండి కుదుపులు ఇచ్చిందంటే ముందు దాన్నే అనుమానించు. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగితే స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి, ప్లగ్‌కి కరెంటిచ్చే కాయిల్ అంత ఇవ్వలేకపోతుంది. 0.8 మి.మీ. ఉంటే 0.7కి తెచ్చి చూడు, చాలకపోతే 0.65. ఇంకా తగ్గిస్తూ పోతే ఐడిల్ పాడవుతుంది. అక్కడ ఆగి కాయిల్స్ చూపించు. డబ్బాలోంచి తీసిన కొత్త ప్లగ్‌నైనా వైర్ గేజ్‌తో (తీగలతో సందు కొలిచే సాధనం) కొలువు. వంచేది పక్క ఎలక్ట్రోడ్‌నే. నాణెం లాంటి గేజ్ దూర్చి మధ్యలోని ఇరీడియం మొన మీద బలం పెట్టావో, అది విరుగుతుంది.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే విప్పు, ముందు ప్లగ్ కూర్చునే గుంతలో దుమ్ము గాలి కొట్టి ఊదెయ్యి. చేత్తోనే మరలు ఎక్కించి, బిగించే బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించు: అల్యూమినియం హెడ్‌లో వాషర్ ఉన్న 14 మి.మీ. ప్లగ్‌కి 25–30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ.కి 15–20. థ్రెడ్‌కి యాంటీ సీజ్ (మరలు పట్టెయ్యకుండా రాసే గ్రీజు లాంటిది) పూయకు, అదే టార్క్‌కి అతిగా బిగుసుకుంటుంది.

కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక విప్పి ప్లగ్ మొన చుట్టూ ఉండే పింగాణీ చూడు. పొడిగా నల్లటి మసి ఉంటే ప్లగ్ మరీ కోల్డ్, లేదా గాలి-పెట్రోల్ మిశ్రమం రిచ్, అంటే పెట్రోల్ ఎక్కువ. మిరియాల పొడి చల్లినట్టు మెరిసే చుక్కలుంటే నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ తనంతట తానే పేలడం) అవుతోంది. అప్పుడు ప్లగ్ మారిస్తే లాభం లేదు, బూస్ట్ మీద నడపడం ఆపి ట్యూనర్‌కి ఫోన్ చెయ్యి.

పాత ప్లగ్గుల్ని సిలిండర్ వరసలోనే పేర్చి ఫోటో తీసి నాకు పంపు. ఏది ఎందులోదో రాసి మరీ పంపు.

ఇట్లు,
మామయ్య